జ్వరమని రాసిన రోజు

గుండుసూది తుప్పుపట్టి కాగితాన్ని కరుచుకుంటే దాన్ని పీకకూడదు. కింద పలుచని ప్లాస్టిక్ ముక్క దూర్చి, వేలితో అదిమిపట్టి, సూదిని వచ్చిన దారినే మెల్లగా వెనక్కి నడిపించాలి. ఈ విద్య నేర్పింది లావణ్య. ఆ పిల్లకు ఇరవై ఆరేళ్ళు. నేర్చుకుంటున్న అమరనాథ్‌కి అరవై ఎనిమిది. ఒకప్పుడు ఆ సూదులన్నీ గుచ్చింది అతనే. గుచ్చడానికి అరక్షణం పట్టేది, తియ్యడానికి ఒక్కోదానికి అయిదు నిమిషాలు పడుతోంది.

ఆనేకల్ వైపు పల్లెలు సొన్నప్పగారిని నాలుగుసార్లు ఎమ్మెల్యేగా విధానసౌధకు పంపాయి. ఆయన పోయి రెండేళ్ళయింది. ఇల్లు ఖాళీ చేస్తూ ఇంటివాళ్ళు ముప్పైతొమ్మిది ట్రంకుపెట్టెల కాగితాలను జయనగర్లో ఒక ట్రస్టుకు ఇచ్చేశారు. అర్జీలు, సిఫారసు ఉత్తరాల నకళ్ళు, సభలో అడిగిన ప్రశ్నలు, పెళ్ళిపిలుపులు, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. వాటిని వేరుచేసి, మూల మీద పెన్సిలుతో నంబరు వేసి, కొత్త అట్టపెట్టెల్లో పెట్టే పని మదనపల్లె నుంచి వచ్చి మడివాళలో పీజీలో ఉంటున్న లావణ్యది. ఆ పిల్లకు అంతుపట్టని పొట్టి సంతకాలూ పేర్లూ చెప్పడానికి అమరనాథ్‌ను రమ్మన్నారు. ఇరవై ఏడేళ్ళు అతను సొన్నప్పగారి పీఏ. ఆ కాగితాల ప్రదర్శనకు శనివారం ప్రారంభోత్సవం. ఆ రోజు సోమవారం.

అద్దాల గదిలో లావణ్యకు ఎదురుగా, రికార్డర్ ముందు పెద్దమునియప్ప కూర్చుని ఉన్నాడు. సొన్నప్పగారి కారు తోలింది అతనే, ఉన్నన్నాళ్ళూ. ఉక్కగా ఉందని తలుపు ఓరగా తెరిచి పెట్టారు. అమరనాథ్ వినాలని వినలేదు. కానీ చెవులకు రెప్పలు ఉండవు కదా.

"తొంభై ఏడమ్మా, మార్చి నెల. అసెంబ్లీ జరగతా ఉండాది. పొద్దున్నే సారు వచ్చి, 'మునియప్పా, బండి తియ్యి, ఎవరికీ చెప్పొద్దు' అన్న్యాడు. ముందు రోజు ఏమైందంటే, నీళ్ళు లేవని ఆడోళ్ళు బిందెలు అడ్డం పెట్టి రోడ్డు మీద కూసున్న్యారు. పదకొండు మందిని పోలీసులు ఎత్తుకొని పోయినారు. గవర్మెంటు సారు పార్టీదే. ఆ పక్కకే పోవద్దని మంత్రి ఫోను చేసి ఉన్న్యాడు. సారు నేరుగా పోయి స్టేషన్లో బెంచీ మీద కూసున్న్యాడు. 'మీరెందుకు సార్, పోండి' అని ఇనస్పెట్రు అంటే, 'నేను ఎమ్మెల్యేగా రాలేదప్పా. ఈళ్ళు ఎప్పుడు పోతే నేనూ అప్పుడే పోతా' అన్న్యాడు. పొద్దుగుంకే దాకా అట్లనే. నీళ్ళు తెచ్చిస్తే తాగల్యా. 'నీళ్ళు అడిగినందుకే కదప్పా ఈళ్ళు లోపల ఉండారు, నేనెట్ల తాగేది' అన్న్యాడు. సాయంత్రం అందర్నీ ఇడిసిపెట్టినారు. కేసు లేదు, పేపర్లో రాల్యా, ఏమీ లేదు."

అద్దంలోంచి చూస్తే లావణ్య కళ్ళు తుడుచుకుంటోంది.

అమరనాథ్ చేతిలో కాగితం సూది దగ్గర చిరిగింది. పది రోజుల్లో అతను చింపిన మొదటి కాగితం అది. ఈ కథ అతనికి తెలియదు. సొన్నప్పగారి మోకాలి నొప్పి ఏ కాలిదో తెలుసు, ఏ చెవి సరిగ్గా వినపడదో తెలుసు, ఎవరికి రాసిన సిఫారసు ఉత్తరం మనస్ఫూర్తిగా రాసిందో, ఏది వచ్చినవాణ్ణి పంపించెయ్యడానికి రాసిందో తెలుసు. ఇది మాత్రం తెలియదు. ఆ మనిషి బతుకులో ఇంత పెద్ద రోజు ఒకటి ఉంటే అది డ్రైవర్‌కు తెలిసి తనకు తెలియకుండా పోవడమా! 

"సర్, అంకుల్ చెప్పింది విన్నారా?" లావణ్య బయటికి వచ్చింది. "గూస్‌బంప్స్ వచ్చాయి సర్ నాకు. ఇదే మన మెయిన్ ప్యానెల్."

"వాడు చెప్పేది బాగ చెప్తాడమ్మా," అన్నాడు అమరనాథ్. "చిన్నప్పట్నించీ అంతే."

అన్నా అని పిలుస్తాడు గానీ మునియప్ప తనకంటే రెండేళ్ళు పెద్ద. అతని చిన్నతనం అమరనాథ్ చూసింది లేదు.

మంగళవారం పొద్దున వెళ్ళేసరికి ప్యానెల్ నమూనా గోడకు వేలాడుతోంది. మనిషెత్తు కాగితం. పైన 'స్టేషన్ బెంచీ మీద ఒక రోజు' అని కన్నడలో, ఇంగ్లీషులో. నడుమ మునియప్ప ఫోటో. స్టీరింగ్ పట్టుకున్నట్టు చేతులు గాల్లో పెట్టి నవ్వుతున్నాడు. ముందు పళ్ళు రెండు లేవు, అయినా ఎంత నవ్వు! పక్కన సొన్నప్పగారి ఫోటో అందులో సగమైనా లేదు. అన్నిటికంటే కింద, కళ్ళజోడు పెట్టుకుని వంగి చూస్తే కనపడే అక్షరాల్లో: 'కాగితాల గుర్తింపులో సహకారం: మాజీ ఆప్త సహాయకులు.' పీఏ అన్నమాట, పేరు కూడా లేదు.

అమరనాథ్ వంగాడు, చదివాడు, నడుము పట్టుకుని లేచాడు.

"బాగుందా సర్?"

"బాగుండాదమ్మా. ఫోటో ఇంకొంచెం పెద్దది పెట్టింటే సరిపోయేది."

ఆ పిల్లకు ఎత్తిపొడుపు తెలియలేదు. "ఇంకా పెద్దదైతే పిక్సెల్స్ పగిలిపోతాయి సర్," అంది.

ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుని ఆ సంగతే చెప్పాడు. పుష్పావతి మజ్జిగ పోస్తూ విన్నది. పెళ్ళయి నలభై ఏళ్ళు, మొగుడి గొంతులో ఏ తీగ ఎప్పుడు బిగుస్తుందో ఆమెకు తెలుసు.

"ఆయప్ప ఫోటో పెడితే నీకేం పోతాది?"

"నాకేం పోతాది? ఏం పోదు."

"మరి అన్నం ఎందుకు పిసుకుతా ఉండావు? తిను. ఆయప్ప కారు తోలినాడు, నువ్వు కాగితాలు తోలినావు. అంతే కదా."

అంతే కాదు. అంతే అయితే అతను అంత రాత రాసేవాడు కాడు. మొదటిసారి గెలిచినప్పుడే సొన్నప్పగారు ఒక మాట అన్నారు: "ఏ రోజు యాడ ఉన్న్యావప్పా అని ఓటేసినోడు అడిగితే చూపించేకి ఒక పుస్తకం ఉండల్ల, అమరనాథ్." అప్పటి నుంచి రోజుకొక పేజీ డైరీ. ఇరవై ఏడు సంపుటాలు, అన్నీ అమరనాథ్ చేతిరాత. కింద సొన్నప్పగారి సంతకం.

బుధవారం తలుపులు తెరవకముందే అతను మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. లావణ్య తాళం తీయగానే డైరీల బీరువా దగ్గరికి వెళ్ళి తొంభై ఏడు సంపుటం తీశాడు. దుమ్ము కుంచెతో ఊడ్చాడు. మార్చి పంతొమ్మిది. తను అనుకున్నట్టే ఉంది, తనే రాసింది కదా. పుస్తకాన్ని ఆ పేజీ దగ్గర తెరిచి, లావణ్య బల్ల మీద పెట్టి, ఒక్క మాట కూడా అనకుండా తన కుర్చీలోకి వచ్చి మళ్ళీ సూదులు తీయడం మొదలుపెట్టాడు.

లావణ్య కన్నడ లిపి కూడబలుక్కుని చదివింది. 'జ్వరం. సభకు గైరుహాజరు. రోజంతా శాసకర భవనంలో విశ్రాంతి. సందర్శకులు లేరు.'

"సర్, ఇదేంటి? ఇది అదే డేట్ కదా? ఆడవాళ్ళని లోపల పెట్టింది పద్దెనిమిదిన అని పెట్టెలో దొరికిన లిస్టులో ఉంది, అంకుల్ చెప్పింది దాని మర్నాడు."

"అదేనమ్మా."

"మరి అంకుల్..."

"నేనేం అనల్యా. పుస్తకంలో ఏముండాదో చూడమన్న్యా."

నిజానికి చూడమని కూడా అనలేదు. ఆ పిల్ల పుస్తకాన్ని లైటు కిందికి జరిపి ముందు పేజీ, వెనక పేజీ తిరగేసింది. అమరనాథ్ కాగితం మీదే చూపు పెట్టుకుని చెవులు అటు పెట్టాడు.

"ఇంకు కూడా చూడండి సర్. పద్దెనిమిదికి బ్లూ, పంతొమ్మిదికి బ్లాక్, ఇరవైకి మళ్ళీ వేరే బ్లూ. ఏ రోజుకారోజు రాసిందని క్లియర్‌గా తెలుస్తోంది. ఇంత మంచి డైలీ రికార్డ్ నేనెక్కడా చూడలేదు."

అమరనాథ్ ఇంకో సూది కింద ప్లాస్టిక్ ముక్క దూర్చాడు.

ఆ ఇంకుల సంగతి అతనొక్కడికే తెలుసు. డైరీ ఏ రోజూ ఆ రోజు రాసింది కాదు. నెలాఖరు ఆదివారం, ఎమ్మెల్యేల బస అయిన శాసకర భవనంలో, సొన్నప్పగారి గదిలో తలుపేసుకుని, ఇనపకమ్మికి గుచ్చిన పిలుపుపత్రాలు, పేపర్ కత్తిరింపులు, ఉత్తరాల తేదీలు ముందేసుకుని నెల మొత్తం ఒక్క ఊపున రాసేవాడు. ఖాళీ వచ్చిన రోజుకు 'నియోజకవర్గ పర్యటన' అనో 'అర్జీల స్వీకరణ' అనో పెట్టేవాడు. ఒకే పెన్నుతో రాస్తే ఒక్కరోజున రాసినట్టు పట్టుబడుతుందని నాలుగు పెన్నులు పక్కన పెట్టుకుని మార్చి మార్చి రాయడం అతని పనితనం. సొన్నప్పగారు చదవకుండానే సంతకం పెట్టేవారు. మార్చి పంతొమ్మిదిన అతను గదికి వెళితే తాళం ఉంది. సభలో లేరు, ఇంట్లో లేరు. మర్నాడు అడిగితే "యాడికీ పోలేదప్పా" అన్నారు. నెలాఖరున ఆ రోజు దగ్గర పెన్ను ఆగింది. జ్వరమని రాశాడు.

పదకొండు గంటలకు లావణ్య మునియప్పను పిలిపించింది. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, ఇంకో ఫోటో తీస్తారేమో అనుకున్నాడు పాపం. ఆ పిల్ల మెత్తగానే చెప్పింది: ఆ రోజు డైరీలో జ్వరమని ఉందని, సారు స్టేషన్‌కు వెళ్ళినట్టు పేపర్లలో గానీ కేసుల్లో గానీ ఇంకే ఆధారమూ లేదని, రాసిన కాగితం ఒకటి చెబుతుంటే నోటిమాటను ప్యానెల్ మీద పెట్టడం కుదరదని.

మునియప్ప పుస్తకం మీదికి వంగాడు. అతనికి చదువు అంతంతమాత్రం. అక్షరాల మీద వేలు పెట్టి మెల్లగా జరిపాడు.

"ఇది అమరన్న రాత కదమ్మా?"

"అవును అంకుల్."

అమరనాథ్ తల ఎత్తలేదు. ఇప్పుడు కేకలు వేస్తాడని ఎదురుచూశాడు. అరిస్తే బాగుండు, తనూ అరవొచ్చు. ఏం మాట్లాడాలో రాత్రంతా అనుకుని వచ్చాడు కూడా.

"అన్న రాసినాడంటే అదే నిజమమ్మా," అన్నాడు మునియప్ప. "నేనే యాదో ఒకటి కలుపుకొని చెప్పింటా. ఎత్తెయ్యి నా మాట."

వేలు ఇంకా పేజీ మీదే ఉంది. "జ్వరం," అన్నాడు తనలో తను. "జ్వరమే అయ్యింటాదిలే."

మధ్యాహ్నానికి గోడ మీది కాగితం దిగిపోయింది. దాని స్థానంలో లావణ్య కొత్తది తయారుచేసింది. ఇరవై ఏడు డైరీల వరస, పక్కన అమరనాథ్ ఫోటో, కింద పూర్తి పేరు. 'ఒక్క రోజూ తప్పని చెయ్యి' అని పైన. మాట ఎంత బాగా కుదిరిందోనని ఆ పిల్లే మురిసిపోయింది. దానితోపాటు ఒక టైపు కాగితం కూడా తెచ్చింది. ఈ డైరీలు ఏ రోజుకారోజు తను స్వయంగా చూసి రాసినవని ధ్రువీకరణ. కింద సంతకానికి గీత.

"రేపు పెడతానమ్మా. కండ్లజోడు మార్చల్ల."

కళ్ళజోడు ముక్కు మీదే ఉంది. ఆ పిల్ల గమనించలేదు. అమరనాథ్ గోడ మీది తన ఫోటోను ఒక్కసారి చూసుకున్నాడు. గెలిచాడు. అబద్ధం ఎందుకు, ఆ క్షణాన ఒళ్ళంతా చల్లగా అనిపించింది.

సాయంత్రం బస్టాపులో మునియప్ప ఇంకా కూర్చునే ఉన్నాడు. రెండు బస్సులు పోయినా ఎక్కలేదని పక్కన పూలమ్ముకునే ఆమె చెప్పింది. అమరనాథ్ తప్పించుకుని పోదామనుకునే లోపే మునియప్ప జరిగి చోటిచ్చాడు.

"అన్నా, ఒక మాట అడుగుతా. నీకు నేను తేడాగా కనపడతా ఉండానా?"

"తేడా అంటే?"

"మా అమ్మకు ఇట్లే మొదలైందన్నా. జరగంది జరిగినట్టు చెప్తా ఉండె. అన్నీ అచ్చు చూసినట్టే చెప్పేది. కడాకు నన్ను చూసి, నువ్వు యావూరప్పా అన్నెది." అరచేతుల్తో మోకాళ్ళు రుద్దుకున్నాడు. "ఆ బెంచీ నాకు ఇప్పుడూ కనపడతాది. ఒక కాలు కురచ, సారు కదిలితే టకటక అనేది. లేని బెంచీ అట్ల కనపడితే, ఇంగ నా కత ఐపోయినట్టే కదన్నా. ఇంట్లో ఎట్ల చెప్పేదో తెలీక ఈడ కూసున్న్యా."

జాలి పడాల్సిన చోటు ఇది. పడ్డాడు కూడా. కానీ కురచకాలు బెంచీ అనేసరికి జాలి కింద అణిగి ఉన్నది పైకి లేచింది. ఆ చప్పుడు కూడా వీడే విన్నాడు!

"అదంతా ఉండనీ," అన్నాడు అమరనాథ్, గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నన్నెందుకు పిలుచుకొని పోలేదు ఆ పొద్దు? నేనేం పాపం చేసినా? ఇరవై ఏడేండ్లు కుక్క మాదిరి ఆయన ఎనక తిరిగినా. ఇంత పెద్ద పనికి పోతా, నిన్ను తీసకపోయి నన్ను తాళం ముందర నిలబెట్టి పోతాడా?"

మునియప్ప అతని వైపు తిరిగాడు. మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"అంటే... పోయిందేనా అన్నా? మేము పోయింది నిజమేనా?"

అన్నమాట వెనక్కి తీసుకోవడానికి లేదు. "నాకెట్ల తెలుస్తాది? ఆ పొద్దు ఆయన యాడున్న్యాడో నాకు తెలీదు."

"మరి జ్వరం?"

"నేనే రాసినా. సుమ్నే, ఊరికే రాసినా."

తిడతాడేమో అనుకున్నాడు. మునియప్ప తలను రెండు చేతుల్తో పట్టుకుని, గట్టిగా ఊపిరి వదిలి, పూలమ్ముకునే ఆమె ఉలిక్కిపడేటట్టు నవ్వాడు. "అబ్బ! బుర్ర బాగానే ఉండాదమ్మా!" అని ఆమెకే చెప్పాడు. కళ్ళలో నీళ్ళు. అమరనాథ్‌ను ఒక్క మాట అనలేదు. మోసం జరిగిందన్న సంగతి అతని తలకు ఎక్కినట్టే లేదు, మతి పోలేదన్న సంతోషంలో ఉన్నాడు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఇంతకంటే నయంగా ఉండేది.

నవ్వు తగ్గాక అన్నాడు: "నిన్నెందుకు పిలవలేదని కదా అడిగితివి. నేనూ అడిగినా అన్నా సారును, దోవలో. అమరన్నకు చెప్పల్యా కదా అని. ఏమన్న్యాడో తెల్సా? 'వానికి తెలిస్తే డైరీలో రాస్తాడు మునియప్పా. రాయొద్దు అంటే బాధపడతాడు. వానికి అబద్ధం రాసేకి రాదు' అన్న్యాడు."

బస్సు వచ్చింది. మునియప్ప చెయ్యి ఊపుతూ ఎక్కేశాడు. అమరనాథ్ ఎక్కాల్సింది కూడా అదే బస్సు. అది పోయాక కూడా అతను అక్కడే నిలబడి ఉన్నాడు.

గురువారం పొద్దున ధ్రువీకరణ కాగితాన్ని సంతకం లేకుండా తిరిగి లావణ్య బల్ల మీద పెట్టాడు.

"ఆ పొద్దు సార్‌కు జ్వరం రాలేదమ్మా. వచ్చిందో లేదో కూడా నాకు తెలీదు. నేను కల్పించి రాసినా."

లావణ్య నవ్వబోయి ఆగింది. మొహం ఎర్రబడింది. "సర్, నిన్న అంకుల్‌ని పిలిచి మొహం మీద చెప్పాను సర్ నేను, మీ మాట నమ్మలేనని. అంత పెద్దాయన్ని! మీరు పక్కనే కూర్చుని ఉన్నారు కదా?"

"కూసోనే ఉంటి."

"ఎందుకు సర్?"

ఎన్ని జవాబులైనా చెప్పొచ్చు. మరిచిపోయానని, వయసైందని, సరిగ్గా చూడలేదని. అమరనాథ్ కుర్చీ వెనక్కి పట్టుకున్నాడు.

"వాని ఫోటో అంత పెద్దది చూసి ఓర్చుకోలేకపోతినమ్మా."

 ఆ పిల్ల గోడ వైపు చూసింది, తరువాత బీరువా వైపు. అసలు ప్రశ్న అప్పుడు వచ్చింది ఆమెకు.

"ఈ ఒక్క రోజేనా సర్? మిగతావి?"

అమరనాథ్ చెప్పాడు. నెలాఖరు ఆదివారాలు, ఇనపకమ్మి, నాలుగు పెన్నులు. నాలుగు పెన్నుల దగ్గరికి వచ్చేసరికి లావణ్య కూర్చుండిపోయింది.

"ఇంకు చూసి ఎంత పొగిడాను సర్ మిమ్మల్ని," అంది నీరసంగా. "మొత్తం సీరీస్ క్రెడిబిలిటీ పోయింది. ఎల్లుండి ఓపెనింగ్."

"పారేస్తావా?"

"పారెయ్యం సర్. ఆర్కైవ్‌లో ఏదీ పారెయ్యం. కానీ ఏది నిజమో ఏది కాదో తెలియకుండా ఎవరికీ ఇవ్వలేను."

గోడ మీది కాగితాన్ని తనే విప్పింది. ఫోటో నలగకుండా చుట్టి అతని చేతికి ఇచ్చింది, ఇంటికి తీసుకెళ్ళమని.  అమరనాథ్ దాన్ని బీరువా పక్కన పెట్టి, తొంభై ఏడు సంపుటం తెచ్చి, జనవరి ఒకటి దగ్గర తెరిచాడు.

"పెన్సిలు ఇయ్యమ్మా. ఆయప్పను కూడా పిలిపించు. నాకు తెలిసింది నేను చెప్తా, వానికి తెలిసింది వాడు చెప్తాడు. ఐనన్ని అవుతాయి."

శుక్రవారం ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. లావణ్య చదవడం, అమరనాథ్ చెప్పడం, నిజమైతే పేజీ మూల టిక్కు, కల్పితమైతే అడ్డగీతలు. మునియప్ప మోచేతులు ఆనించి, పిలిచినప్పుడు మాట్లాడేవాడు. పిలిచిన ప్రతిసారీ మాట్లాడాడు. వాన ఎక్కడ పడింది, టైరు ఎక్కడ పగిలింది, సారు ఎవరింట్లో రాగిముద్ద తిన్నారు, అన్నీ నోటికొచ్చినట్టు కాక కళ్ళ ముందున్నట్టు చెప్పాడు. 'నియోజకవర్గ పర్యటన' అని అమరనాథ్ రాసిన ఒక రోజున సొన్నప్పగారు పీణ్యలో ఒక కార్ఖానా గేటు బయట, చెయ్యి పోయిన కుర్రవాడి తల్లి పక్కన కూర్చుని ఉన్నారట. 'అర్జీల స్వీకరణ' నాడు చెరువు గట్టున ఒక్కరే నడిచి నడిచి వచ్చి కార్లో పడి నిద్రపోయారట. లావణ్య అన్నీ ఒక చీటీ మీద రాసి పేజీలో పెడుతోంది. రాతపని ఇప్పుడు అమరనాథ్‌ది కాదు.

ఒక్కో అడ్డగీత పడినప్పుడల్లా ఆ ఓర్వలేనితనం మళ్ళీ కదిలేది. చెప్పేశాడు కదా అని అది పోలేదు. మునియప్ప దగ్గర ఇన్ని రోజులున్నాయి! తన దగ్గర పుస్తకాలున్నాయి.

మధ్యాహ్నం మూడింటికి ఆగస్టు వచ్చింది.

"పన్నెండు," చదివింది లావణ్య. "తాలూకా ఆఫీసులో భూముల కమిటీ సమావేశం. ఉదయం పదకొండు నుంచి సాయంత్రం నాలుగు వరకు."

"అది జరిగిందమ్మా," అన్నాడు అమరనాథ్ వెంటనే. "నేను కూడా పోయింటి."

"ఆగస్టు పన్నెండా?" మునియప్ప ముందుకు వంగాడు. "లేదన్నా. ఆ వారం నేను లేను. నాకు కామెర్లు, బండి షెడ్డులో ఉండె. మీటింగు వాయిదా పడిందని బస్సులో యాడికో పోయినారు మీరిద్దరే. సారు తెల్లారి నన్ను చూసేకి ఇంటికొచ్చి చెప్పినాడు. 'నిన్న నేనూ అమరనాథ్ బస్సులో పోతిమి మునియప్పా, నన్ను ఎవడూ గుర్తు పట్టల్యా. కడుపు నొచ్చేదాకా నవ్వుకుంటిమి. ఇట్ల నవ్వి ఎన్నేండ్లైందో' అన్న్యాడు. యాడికి పోయినారు, ఏమని నవ్వినారు అంటే చెప్పల్యా. 'అది మా ఇద్దరి సంగతి లే' అన్న్యాడు."

లావణ్య పెన్సిలు పైకెత్తి ఆగింది.

"నాకు ఎంత కుళ్ళు వచ్చిందో తెల్సా అన్నా?" మునియప్ప సిగ్గుపడుతూనే అన్నాడు. "కామెర్ల కంటే ఎక్కువ అదే తిన్నెది నన్ను. పదైదు దినాలు నీతో సరిగ్గ మాట్లాడల్యా నేను, నువ్వు చూసింటావు. ఎన్నిసార్లు అడగల్ల అనుకుంటినో. ఇప్పుడన్నా చెప్పన్నా. ఆయన కూడా పోయినాడు కదా."

అమరనాథ్ పేజీ వైపు చూశాడు. నల్ల ఇంకు, వంకర లేని వరసలు. బస్సు. ఏ బస్సు? తను కిటికీ పక్కన కూర్చున్నాడా, ఆయనా? కళ్ళు మూసుకున్నాడు. తాలూకా ఆఫీసు కనపడింది. పొడుగు బల్ల, ఫైళ్ళు, తహసీల్దారు గొంతు, నాలుగింటికి తెచ్చిన టీ కూడా కనపడింది. జరగని సమావేశం అంతా వరసగా వచ్చింది. నవ్వు రాలేదు. సొన్నప్పగారు కడుపు పట్టుకుని నవ్విన మొహం కోసం ఎంత వెతికినా, గోడ మీద ఉండే ఫోటోలోని మొహమే వచ్చింది. ఆయన తనకని ఇచ్చిన ఒకే ఒక్క రోజు అది. పిలుపుపత్రం చూసి దాని మీద తనే మీటింగు పెట్టేశాడు.

"సర్?" లావణ్య మెల్లగా అడిగింది. "టిక్కా, క్రాసా?"

"క్రాసు పెట్టమ్మా."

"చీటీ మీద ఏం రాయమంటారు?"

మునియప్ప కుర్చీ అంచుకు వచ్చి అతని నోటి వైపే చూస్తున్నాడు, ఇరవై ఏడేళ్ళ ఆకలితో.

"తెలీదు అని రాయి."

"చెప్పకూడదంటే చెప్పొద్దులే అన్నా," అన్నాడు మునియప్ప. మొహం చిన్నబోయింది. "నాయి అన్నీ చెప్పించుకొని, నీది మాత్రం దాచుకుంటావా?"

"దాచుకోలేదు మునియప్పా. దేవుని సాక్షిగా. నాకు గుర్తు లేదు."

మునియప్ప నమ్మలేదు. లేచి, మొహం అటు తిప్పుకుని, టీ తాగి వస్తానని లావణ్యకు మాత్రం చెప్పి, ఒక్కడే మెట్లు దిగి పోయాడు.